నా ఒడిలో కుట్టిన చెవులు

ముల్లు గీసుకున్నంత మాత్రాన కొడుకు ప్రాణం పోతుందేమోనని మీరు ఎన్నడైనా భయపడ్డారా? మా అమ్మ రోజూ భయపడింది. జహీరాబాదులో మా ఇంటి ముందు గోలీలాడుతూ నేను కిందపడితే ఆమె నా ముఖం చూసేది కాదు, మోకాళ్ళు చూసేది.

నాకు హీమోఫీలియా. దెబ్బ తగిలితే నెత్తురు సరిగ్గా గడ్డకట్టదు. తగలకపోయినా ఒక్కోసారి కీళ్ళలోకి దిగి నిలుస్తుంది. డెబ్బైలలో మా వాడలో ఆ పేరు విన్నవాళ్ళు లేరు. మోకాలు ఉబ్బితే వాతమని నూనె రాసి మర్దన చేసేవారు. మర్దన చేసినకొద్దీ లోపల ఇంకా కారేది. ఎడమ మోకాలు అలాగే బిగిసిపోయింది. నాకు పదేళ్ళప్పుడు పట్నంలోని పెద్ద దవాఖానలో జబ్బు పేరు చీటీ మీద రాసిచ్చారు. నాన్న దాన్ని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాడు. ‘దెబ్బ తగలనీయకండి’ అన్న ఒక్క మాటే మాతో ఇంటికి వచ్చింది.

అమ్మ దగ్గర మాత్రం వేరే కారణం ఉండేది. ఆమె తమ్ముడు చిన్నప్పుడు పన్ను పీకించుకుని, నెత్తురు ఆగక చనిపోయాడు. తర్వాత రాయికోడ్‌లో ఆమె చెల్లెలి కొడుకు కాలికి కొడవలి తగిలి పోయాడు. ఆ తర్వాత నేను పుట్టాను.

“మా తమ్ముడే పట్టిండు. వాడు అక్కచెల్లెండ్ల కొడుకులనే పట్టుకుంటడు, ఆడపిల్లల జోలికి రాడు” అనేది అమ్మ.

కాలేజీలో చేరాక నాకు నోరు వచ్చింది. చేతికర్రతో వేదికలెక్కి దయ్యాలనూ దిష్టినీ దులిపేవాణ్ణి. ఆ నోరు ఇంట్లోనూ ఊరుకోలేదు.

“నాయినకు లేదు, నీకు లేదు, అక్కకు లేదు. మరి వంశంల ఎక్కడున్నదమ్మా ఇది?”

“నువ్వు చదువుకున్నోనివి. నేనేం చెప్త.”

గెలిచాననుకున్నాను. వందల పుస్తకాలు చదివినవాణ్ణి, నా జబ్బు గురించి ఒక్క పేజీ చదవలేదు.

ఎనభైలలో కోహీర్‌లో ఉన్న మా అక్కకు కొడుకు పుట్టాడు. పదో నెలలో చెవులు కుట్టించాలనుకున్నారు. మేనమామను కనుక నా ఒడిలోనే కుట్టాలి. ఆ పొద్దున అమ్మ పిల్లవాడి అంగీ ఎత్తి పక్కటెముకలు చూపించింది. చంకల కింద నీలం మచ్చలు.

“ఎత్తుకున్న కాడల్లా కమిలింది. వీనికి నీకు అయినట్లే అయితున్నది. చెవులు ఇప్పుడు వద్దనుండ్రి.”

అక్క నావైపు తిరిగింది. “తమ్మీ, నువ్వేమంటవ్?”

చెవులు కుట్టడం దండగ అని సభల్లో చెప్పినవాణ్ణి నేనే. ఆ ఒక్క మాట అన్నా సరిపోయేది. కానీ అమ్మ దయ్యాన్ని పదిమందిలో ఓడించాలన్న పట్టుదల నాకు.

“చచ్చినోడు నెత్తురు అడగడక్కా. ఇటు తే, నా ఒళ్ళె పెట్టు.”

చెవులు కుట్టడానికి వచ్చిన అవుసలాయన బంగారు తీగ సరిచూసుకుంటూ, “మేనమామా, గట్టిగ పట్టు. ఏడ్చేది పిల్లగాడో నువ్వో చూస్త” అన్నాడు. అందరూ నవ్వారు. కుట్టగానే రెండు నెత్తురు చుక్కలు వచ్చి ఆగాయి. నేను అమ్మను చూశాను. గెలిచినవాడి చూపు అది.

సాయంత్రానికి అంగీ భుజాలు తడిసిపోయాయి. పసుపు అద్దారు, గుడ్డ అదిమిపట్టారు. గుడ్డ ఎర్రబడుతూనే ఉంది. తెల్లవారి మొదటి బస్సుకు పట్నం వెళ్ళేసరికి పిల్లవాడికి ఏడ్చే ఓపిక లేదు.

నా కర్రనూ మోకాలినీ చూసి డాక్టరమ్మ అడిగింది: “మీ అమ్మగారి వైపు మగపిల్లలకు ఇలా అయిందా?”

లేదనబోయాను. వెనక బెంచీ మీద నుంచి అమ్మ, ఎన్నేళ్ళుగానో చెప్తున్న ఆ మాటే చెప్పింది. తమ్ముడు, రాయికోడ్ పిల్లవాడు, నేను, ఆడపిల్లల జోలికి రాకపోవడం, అన్నీ. డాక్టరమ్మ నవ్వలేదు. పూర్తిగా రాసుకుంది.

“దయ్యం సంగతి వదిలేయండి. మిగతాదంతా ఆమె సరిగ్గానే చెప్పారు. ఇది తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. తల్లికి పైకి ఏమీ కనబడకపోవచ్చు.”

చదువు రాని మా అమ్మ ముగ్గురు పిల్లల నెత్తురు చూసి ఒక నియమాన్ని పట్టుకుంది. పేరు తెలియక దానికి తమ్ముడి పేరు పెట్టుకుంది. హేతువాదినని చెప్పుకునే నేను దయ్యాన్ని గెంటేస్తూ సాక్ష్యాన్ని కూడా గెంటేశాను. సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పేవాడు మంత్రగాడికంటే ఏం మెరుగు?

ప్లాస్మా ఎక్కించారు. మూడో రోజుకు నెత్తురు ఆగింది. పిల్లవాడు బతికాడు. నాలాగే, జాగ్రత్తల మధ్య. దవాఖాన వరండాలో అక్క నాతో ఒక్కసారే మాట్లాడింది.

“అమ్మది దయ్యం మాట అన్నవ్. నీ మాట నమ్మి కొడుకును నీ ఒళ్ళె పెట్టిన తమ్మీ. నీ మాటను ఏమనాలె?”

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

మీ ఇంట్లో మగపిల్లవాడుంటే, ఇది చదవడం ఆపి లేవండి. వాడి తల్లినీ అమ్మమ్మనూ కూర్చోబెట్టి, వాళ్ళ అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్ళ కొడుకుల్లో ఎవరైనా నెత్తురు ఆగక పోయారేమో అడగండి. శాపమంటే నవ్వకండి. ఆ శాపం ఎవరిని పట్టింది, ఎవరిని వదిలింది అని అడిగి కాగితం మీద రాయండి. అలాంటివాడు ఒక్కడున్నా, ఆ కాగితంతో పిల్లవాణ్ణి తీసుకెళ్ళి నెత్తురు పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా వాడి ఒంటి మీద సూది గానీ కత్తి గానీ పడనీయకండి.