ఆవుకి ఎన్ని కోళ్ళు

మా అత్త బజారుకు వెళ్ళేది కాదు. అయినా బజారులో ధర ఎక్కిందో దిగిందో ఆమెకు తెలియని వారం ఉండేది కాదు. నేను కాపురానికి రాకముందే ఒకసారి లోకో షెడ్ వెనక బూడిద దిబ్బ మీద కాలీకాలని బొగ్గు ఏరుతూ జారిపడిందట. తుంటి ఎముక సరిగా అతకలేదు. అప్పట్నుంచి మా రైల్వే క్వార్టర్ వెనక గుమ్మం మెట్టే ఆమె బజారు.

ఆ మెట్టు ముందునుంచి గతౌరా వైపు పల్లెలకు బండిదారి పోయేది. బిలాస్‌పూర్‌లో బుధవారం కోళ్ళ బజారు, శనివారం పశువుల సంత. రెంటికీ ఆ పల్లెల వాళ్ళు మా మెట్టు ముందునుంచే రావాలి, పోవాలి. వెళ్ళేటప్పుడు అత్త వాళ్ళను పట్టించుకునేది కాదు. తిరిగొచ్చేటప్పుడు చూసేది.

"ఒలే కోడలా, నెత్తి మీద బుట్టతో ఆ మడిసి మెడ సూడు. కదపతందా? గుడ్లు మిగిలిపోనాయి కాబట్టే అలగ నడస్తంది. వొచ్చే వారం ధర దిగిపోద్ది."

ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు చంకన పెట్టుకుని, చేతులూపుకుంటూ గోలగా వస్తే ధర ఎక్కినట్టు. శనివారమైతే పశువులను చూసేది. చాలా పశువులు ఇంటిదారి పడితే కొనేవాళ్ళు లేరన్నమాట, ధర పడుతుంది. దారి బోసిగా ఉంటే ధర మండుతోందన్నమాట. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన నాకు మొదట్లో ఇదంతా పొద్దుపోని ముసలమ్మ ఆట అనిపించేది. కూతురు పుట్టాక ఆ ఆటలోనే మా ప్రాణాలన్నీ ఇరుక్కుపోయాయి.

అవి యుద్ధం రోజులు. పిల్ల పుట్టిన మూడో నెలలో నాకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరం వదిలేసరికి రొమ్ములో పాలు లేవు. పాలు పోసే మనిషి ఉన్న పాలన్నీ స్టేషన్‌కు పట్టుకుపోయేవాడు. మిలిటరీ బళ్ళు ఆగేవి కదా, వాళ్ళ టీకి. మాకు పోసేవి పాలో, పాలచెంబు కడిగిన నీళ్ళో తెలిసేది కాదు. పిల్లకు గంజి తేట పట్టేదాన్ని. తాగేది, కాసేపటికి ఏడ్చేది. పిల్ల పెద్దగా ఏడిస్తే తల్లికి భయం ఉండదు. మా పిల్ల ఏడుపు రోజురోజుకూ సన్నబడుతూ వచ్చింది. దారం పురి విడిపోతున్నట్టు ఉండేది ఆ గొంతు. నాకు భయం అక్కడ మొదలైంది.

ఆవు కావాలి. మా ఆయన షెడ్‌లో ఫైర్‌మన్, ఇంజన్‌కు బొగ్గు వేసే పని. ఆ జీతం బియ్యానికే చాలేది కాదు. మాకు ఉన్నవల్లా కోళ్ళు, పుంజుతో కలిపి పద్నాలుగు. అందుకని అత్త ఆవును కోళ్ళలో కొలిచేది. ఎవరైనా రూపాయల్లో చెబితే ఆమెకు చిరాకు.

"రూపాయలు మన కాడెక్కడున్నాయి? కోళ్ళున్నాయి. కోళ్ళల్లో సెప్పు."

చెప్పడానికి సిర్గిట్టి నుంచి ఒకామె వచ్చేది. ఛత్తీస్‌గఢీ మనిషి. క్వార్టర్లన్నీ తిరిగి గుడ్లు పోగుచేసుకుని బుధవారం బజారులో అమ్ముకునేది. మా ఇళ్ళల్లో తిరిగి తిరిగి మా తెలుగు నేర్చుకుంది. అత్తను వాళ్ళ పద్ధతిలో అమ్మా అన్నట్టు 'దాయీ' అని పిలిచేది. కోడి ఎంత, ఆవు ఎంత అని ఆమె చెప్పగానే అత్త వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసి, "అచ్ఛా, ఈ వారం ఆవు పద్దెనిమిది కోళ్ళు" అని తేల్చేది. ఎలా తేల్చేదో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ తప్పేది కాదు.

మా కోళ్ళు పద్నాలుగు, ఆవు పద్దెనిమిది కోళ్ళు. ఆ మధ్య ఖాళీలో మేము బతికాం.

మిలిటరీ బళ్ళు పెరిగేకొద్దీ స్టేషన్ వంటశాలకు కోళ్ళు చాలలేదు. కోడి ధర వారం వారం ఎక్కింది. అణాకు నాలుగు వచ్చే గుడ్లు మూడయ్యాయి, తర్వాత రెండయ్యాయి. ఆవు పదిహేడు కోళ్ళకు దిగింది. మరో వారానికి పదహారు. అత్త ముఖం వెలిగిపోయేది.

"దిగతంది, దిగతంది! ఇంకొక్క రెండు వారాలు. గుడ్డు అణా అయిన నాడు ఆవు మన వాకిట్లో ఉంటాది, సూసుకో."

ఆ రెండు వారాలు రాలేదు. ఎవరో కంట్రాక్టరు పశువులను కొనడం మొదలుపెట్టాడు. ఆవు మళ్ళీ పదిహేడుకు ఎక్కింది. తర్వాత పద్దెనిమిది. అత్త ఒక పెట్టను పొదగేసింది, కోళ్ళు పెరుగుతాయని. అంతకుముందు వేరే పెట్ట లేపిన పిల్లలను గద్ద తన్నుకుపోయింది. మరుసటి వారం కోళ్ళ ధర ఇంకా ఎక్కి, ఆవు పదహారుకు వచ్చింది. అమ్మేద్దామా అంటే ఆగు అంటుంది, కొనేద్దామా అంటే ఆగు అంటుంది. నాకు వారంలో రెండే రోజులు మిగిలాయి, బుధవారం, శనివారం. తక్కిన రోజుల్లో ఏం వండానో, ఏం తిన్నానో గుర్తు లేదు. పిల్లను భుజాన వేసుకుని వెనక గుమ్మానికీ ముందు గుమ్మానికీ తిరిగేదాన్ని.

మా ఆయన డ్యూటీ దిగి, బొగ్గు ముఖంతో నవ్వుతూ వచ్చేవాడు.

"ఏటమ్మా, సిగ్నల్ పడిందా, ఇంకా డేంజరేనా? మీ అత్తాకోడళ్ళు ఆ మెట్టు అరగదీసేస్తన్నారు. రైల్వేవోళ్ళు కొత్త మెట్టు ఎయ్యరు మరి."

"నీకు నవ్వులాటగా ఉంది. తొందరపడి ఎల్లి పాలివ్వని గొడ్డుని తోలుకొస్తావు" అనేది అత్త.

ఒక బుధవారం నాకు నోరు ఆగలేదు. గుడ్లామె ధర చెప్పి వెళ్ళింది. అత్త వేళ్ళు లెక్కపెట్టుకుని, "ఇంకొక్క వారం" అంది. పిల్ల నా భుజం మీద ఏడుస్తోంది. ఆ ఏడుపు గుమ్మం దాటి బయటకు వినిపించడం లేదు.

"గుడ్డు అణా అయిన నాటికి ఈ గుంట ఉండాలి కదా, అత్తా" అన్నాను.

ఆమె చేతికర్ర పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. గురువారం మాట్లాడలేదు, శుక్రవారం మాట్లాడలేదు. నేను అన్నం పెడితే తింది. పిల్లను అడిగి మరీ ఎత్తుకునే మనిషి ఆ రెండు రోజులూ అడగలేదు. శుక్రవారం సాయంత్రం మాత్రం కొడుకుతో అంది, "రేపు సంతకెల్లు. కోళ్ళన్నీ అట్టుకెల్లు. ఎంతకొస్తే అంతకే, ఏదో ఒక పాడి గొడ్డుని తోలుకొచ్చీ."

శనివారం పొద్దున్న ఆయన కోళ్ళను బుట్టల్లో కట్టుకుంటుండగా షెడ్ నుంచి కాల్ వచ్చింది. రాయగఢ్ వైపు గూడ్సు, వెంటనే ఎక్కాలి. కాల్ వస్తే కాదనడానికి లేదు. కోళ్ళు బుట్టల్లోనే అరుస్తుండగా ఆయన అన్నం డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. బుట్టలు విప్పి కోళ్ళను మళ్ళీ పెరట్లోకి వదిలాను.

సాయంత్రం మెట్టు మీద ఆమె, గుమ్మంలో నేను. చాలాసేపు దారి ఖాళీగా ఉంది. ఆవు ధర మండుతోందని నేను అనుకుంటూ ఉండగా మెడగంటల చప్పుడు వినిపించింది. దుమ్ము లేచింది. పశువులు! ఒకటి కాదు, పది కాదు, దారి పట్టనన్ని. అన్నీ గతౌరా వైపే. అంత మంద తిరిగిరావడం నేను వచ్చాక ఏనాడూ చూడలేదు.

"సూసావా!" అని అత్త నా చెయ్యి పట్టేసుకుంది. మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది. "ఒక్కటీ అమ్ముడవనేదు! ధర పడిపోనాది. వొచ్చే శనివారం ఆవు పన్నెండు కోళ్ళు, రెండు మనకే మిగిలిపోతాయి!"

నాకు సంతోషం వచ్చింది, ఆ వెంటనే భుజం మీది పిల్లను చూసుకున్నాను. మళ్ళీ వచ్చే శనివారమేనా?

అత్త చెయ్యి నా చేతి మీద బిగిసింది. ఆమె నవ్వడం లేదు. మెడ సాచి పశువుల కాళ్ళను చూస్తోంది.

"ఇది ఇంటికెల్లే నడక కాదే" అంది.

అప్పుడు నేనూ చూశాను. అమ్ముడుపోక ఇంటికి తిరిగొచ్చే ఆవు యజమాని కంటే ముందు నడుస్తుంది, తోలనక్కర్లేదు. ఇవి అడుగడుగునా వెనక్కి తిరిగి అరుస్తున్నాయి. తోలేవాళ్ళు కర్రలతో కొట్టి ముందుకు నెడుతున్నారు. దగ్గరకొచ్చాక ప్రతిదాని తొడ మీదా ఎర్రమన్ను గీత కనిపించింది.

"మిగిలినవి కావు ఇవి. కొనేసినవి. గతౌరా టేసన్లో బండెక్కిస్తారు." ఆమె కర్ర కోసం తడిమింది. "సంత ఊడ్చేసినారు. వొచ్చే వారం ధర నేదు, ఆవూ నేదు. నన్ను లేవదియ్యే, బేగి!"

బండెక్కిన పశువు ఎక్కడ దిగుతుందో ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. పిల్లను ఒక భుజాన వేసుకుని, రెండో భుజాన్ని ఆమెకు ఇచ్చాను. ఏళ్ళుగా మెట్టు దిగని మనిషి దుమ్ములోకి దిగింది. మంద మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది. అందరికన్నా చివర ఒక కోచియా వస్తున్నాడు. ఊరూరా పశువులు కొని కంట్రాక్టరుకు అప్పగించే చిన్న బేరగాళ్ళను అక్కడ అలా అంటారు. అతని మెడ మీద కొత్తగా పుట్టిన దూడ, వెనకాలే తల్లి, పొట్టి ఎర్రావు. అది అరుస్తూ అతని వీపును మూతితో పొడుస్తోంది. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

అత్త చేతికర్ర అడ్డంగా పెట్టింది.

"ఏ కోచియా! ఠహరో! ఈ గాయ్ మాకిచ్చీ. ముర్గీ దేతా. ముర్గీ!"

అతను ఆగి నా వైపు చూశాడు, ఈ ముసలావిడకు మతి ఉందా అన్నట్టు. కోళ్ళకు ఆవును ఇస్తారా దాయీ, పొద్దు గూకకముందే ఇప్పసారా తాగావా అన్నాడు వాళ్ళ భాషలో. గుడ్లామె దగ్గర ఆ భాష కాస్త నేర్చుకున్నాను కాబట్టి, నేను తెలుగులో చెప్పాను.

"నాను తాగనేదు, నువ్వే తాగినట్టు తూలతన్నావని సెప్పు. ఆ దూడని గతౌరా దాకా మోస్తావా? దింపితే అది నడవదు, అది నడవకపోతే తల్లి కదలదు. మంద సూడు ఎంత దూరమెల్లిపోనాదో."

చెప్పాను. అతను మంద వైపు చూశాడు. కంట్రాక్టరుకు పశువులు కావాలి గాని కోళ్ళు కాదన్నాడు.

"మిలిట్రీ బండికి కోళ్ళు దొరక్క స్టేషన్లో వంటోళ్ళు జుట్లు పీక్కుంటన్నారు. ఈ సంగతి మెట్టు మీద కూకున్న ముసిల్దానికి తెలుసు, బజార్లు తిరిగే నీకు తెల్దా?"

తెలుసని అతని ముఖమే చెప్పింది. దూడను కిందకు దింపాడు. అది తూలుకుంటూ పోయి నడిదారిలోనే పొదుగు అందుకుంది. పొదుగు చిన్నదే, కానీ దూడ మూతి వెంట నురగ కారింది. నేను ఆ నురగనే చూస్తూ నిలబడ్డాను.

కోళ్ళు చూపించమన్నాడు. పద్దెనిమిది అన్నాడు. అత్త పది అంది. చివరకు ఉన్నవన్నీ, బుట్టలతో సహా అన్నాడు. పొదిగే పెట్టను మాత్రం వదిలెయ్యమని అత్త బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపి దూడ కోసం వంగాడు.

"ఇచ్చీయే" అంది అత్త. "ఇచ్చీ. దాన్ని లేపి ఇచ్చీ."

పొదుగుతున్న కోడిని రెండు చేతులతో ఎత్తాను. అది నా మణికట్టు పొడిచింది. అడుగున గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

ఆవు వాకిట్లోకి వచ్చింది గాని పాలు రాలేదు. కొత్త చోటు, కొత్త చేతులు. ఎంత నిమిరినా పాలు చేపలేదు. చెంబును ఒక్క తాపు తన్నింది. పెరట్లో కోళ్ళ చప్పుడు లేదు, పిల్ల సన్నగా ఏడుస్తోంది. అత్త మెట్టు మీద తల పట్టుకుని కూర్చుంది. తెల్లవారాక ఆమే అంది, "సెంబు దాని కళ్ళబడనీకు. దూడని ముందు ఇడు. దాని పాలు అది తాగనీ. మిగిల్తేనే మనకి." దూడ నాలుగు గుటకలు వేశాక ఆవు పాలు చేపింది. చారెడు పాలు వచ్చాయి. నీళ్ళు కలిపి కాచి, ఉగ్గుగిన్నెతో పట్టాను. పిల్ల ఆగకుండా మింగింది. మింగుతూ మింగుతూ నిద్రపోయింది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చి ఖాళీ పెరడు చూశాడు, ఆవును చూశాడు. "అయితే సిగ్నల్ పడింది" అన్నాడు. వంగి దూడ మెడను బొగ్గు చేత్తో నిమిరాడు.

ఆ ఆదివారమే గుడ్లామె వస్తే, తల్లి లేని ఆ గుడ్లను తన కోడి కింద పెట్టుకోమని అత్త ఇచ్చింది. తర్వాతి శనివారం దారిలో ఒక్క ఆవు పోలేదు, ఒక్కటీ రాలేదు. అత్త మాత్రం చీకటి పడేదాకా మెట్టు దిగలేదు, లోపలికీ రాలేదు.

మళ్ళీ బుధవారం గుడ్లామె దారి మొదట్లోనే చెయ్యి ఊపుకుంటూ వచ్చింది, బుట్ట చంకన ఉంది. సరిగ్గా అప్పుడే మా పిల్లకు పాల వేళ తప్పింది. గుక్కపట్టి, ఇల్లు లేచిపోయేలా ఏడుపందుకుంది. గుడ్లామె మెట్టు దగ్గర నిలబడి ఏదో చెబుతోంది. చూపుడు వేలు ఒకటి ఎత్తి చూపిస్తోంది. గుడ్డు అణా అయిందని గుమ్మంలో ఉన్న నాకు ఆ వేలును బట్టి తెలిసింది.

"ఏటీ? ఇనపడ్నేదు!" అంది అత్త, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆమె మళ్ళీ అరిచింది. పిల్ల అంతకన్నా గట్టిగా అరిచింది.

"పోనీలేయే, తర్వాత సెప్పుదువు" అని అత్త అటు తిరిగి, నన్ను కేకేసింది. "ఒలే, పిల్లని ఏడిపిస్తన్నావేటి? గిన్ని ఇటు తే, నాను పడతాను."