మిల్లత్త చెవిలో కూత

నూలు మిల్లులో ముప్పై రెండేళ్లు మరల దగ్గర నిలబడి పనిచేసిన మనిషి కాబట్టి వీధిలో అందరూ ఆమెను మిల్లత్త అనేవారు. నాలుగిళ్ల అవతలికి వినపడే గొంతు ఆమెది. మిల్లు రొదలో మెల్లగా మాట్లాడితే పక్కనున్నవాళ్లకే వినపడదు మరి.

పని మానేసిన ఆరు నెలలకు ఇంట్లో సన్నగా కీమంటూ ఒక కూత మొదలైంది. ముందు ఫ్రిజ్‌ను అనుమానించి ప్లగ్గు పీకేసింది. పాలు విరిగాయిగానీ కూత ఆగలేదు. తర్వాత పక్కింటివాళ్ల నీళ్ల మోటారు మీద పడింది. పక్కింటావిడ మోటారు ఆపి చూపించినా నమ్మలేదు. మాటా మాటా పెరిగి రెండిళ్లకూ పలకరింపులు లేకుండా పోయాయి.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు చెవులూ గట్టిగా మూసుకుని చూసింది. కూత ఇంకా పెరిగింది. అది తన తలలోనే ఉందని ఆమెకు తెలిసిపోయింది. వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో గోడలతో మాట్లాడేది. తనకూ అదే రాసిపెట్టి ఉందనుకుని, ఎవరికీ చెప్పకుండా లోలోపలే కుమిలిపోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది.

అత్తగారి నోరు మూతపడితే మురిసిపోయే కోడళ్లుంటారేమోగానీ, ఈ కోడలు బెంబేలెత్తింది. గుచ్చిగుచ్చి అడిగి సంగతి రాబట్టి, మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

మిల్లు రొదకు చెవుల్లో శబ్దాన్ని పట్టే కణాలు చాలా దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. చెవి నుంచి కబురు తగ్గితే మెదడులోని కణాలు ఊరుకోవట. వాటికి ఎప్పుడూ ఒక మోస్తరు సందడి ఉండాలట. అందుకని కబురందుకునే ప్రోటీన్లను ఎక్కువగా తయారుచేసుకుని, కణానికీ కణానికీ మధ్య అతుకుల దగ్గర పేర్చుకుంటాయి. సందడి మితిమీరితే మళ్లీ తగ్గించుకుంటాయి. అలా సర్దుకోబోయి ఒక్కోసారి లేని శబ్దాన్ని కూడా వింటాయనీ, ఈ కూతకు అదే కారణం కావచ్చనీ ఆమె వివరించింది.

మిల్లత్త కుర్చీ డాక్టరమ్మ దగ్గరికి జరుపుకుంది. మెల్లగా అడిగింది.

"అయితే నాకు పిచ్చి పట్టలేదన్నమాట?"

"లేదు పెద్దమ్మా. సరిగ్గా వినపడట్లేదని మీ మెదడు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తోంది, అంతే."

"నాలాగే మొండిది," అంటూ మిల్లత్త కళ్లు తుడుచుకుంది.

ఇంటికొస్తూనే పక్కింటి తలుపు తట్టి తప్పు ఒప్పుకుంది. ఆవిడ మూతి ముడుచుకుంటూనే కుర్చీ వేసింది.

చెవికి వినికిడి మిషన్ పెట్టారు. కూత పూర్తిగా పోకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది, పోలేదు కూడా. కానీ రెండు నెలలు తిరిగేసరికి పలచబడింది. పనిలో పడితే గుర్తే రావడం లేదు. పైగా కోడలు వంట చేస్తూ కూనిరాగాలు తీస్తుందని, ఆమె కాపురానికొచ్చిన తొమ్మిదేళ్లకు మిల్లత్తకు మొదటిసారి తెలిసింది. వంటగది గుమ్మంలో నిలబడి విన్నది.

"ఆపావేం? ఇంకోటి పాడు," అంది.