వీరలక్ష్మి చూసిన రెండు మ్యూజియాలు

ఎవరైనా కంచం చాపితే వీరలక్ష్మి గరిటెను గిన్నె అంచుకు ఒకసారి తట్టేది. నిండుగా తీసిన కూరలో కొంత గిన్నెలోకే రాలేది. మిగిలినది వడ్డించేది. మాదాపూర్‌లో ఆమె ఆడపిల్లల హాస్టల్ నడిపినన్నాళ్ళూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పిల్లలు ఆ చప్పుడుకు నవ్వుకునేవారు. ఆమె పిసినారి కాదు. చివర వచ్చిన పిల్లకు లేకుండా పోతుందేమోనని భయం.

అన్ని విషయాల్లోనూ ఆమెకు భయం ముందుండేది. 2013లో, తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించాక, తణుకు నుంచి అన్నయ్య రోజూ ఫోన్ చేశాడు. "అక్కడ మనవాళ్ళని ఉండనిస్తారో లేదో. వచ్చెయ్యమ్మా." గల్లీలో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా హాస్టల్‌ను వేరొకాయనకు అప్పగించడానికి ఒప్పుకుంది. ఆయన తన వంటవాళ్ళను తెచ్చుకుంటాడు. బుధవారం తాళాలు ఇవ్వాలి.

ఇది సత్తెమ్మకు చెప్పలేదు.

సత్తెమ్మది జనగామ వైపు. మూసాపేటలో కిరాయి గది. హాస్టల్ తెరిచిన నాటి నుంచి, ఒక్క సాంబారు తప్ప, వంటంతా ఆమెదే. ఉద్యమంలో రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజుల్లో అక్కడికి వెళ్ళి వండేది. తిరిగొచ్చి హాస్టల్ పిల్లలకు చపాతీలు చేసేది. అన్నం ఎక్కడైనా అన్నమే అన్నట్టు ఉండేది ఆమె తీరు.

ఆఖరి శనివారం మధ్యాహ్నం వంటింట్లో వీరలక్ష్మి అడిగింది. "మ్యూజియం చూసొద్దామా సత్తెమ్మా? ఇన్నేళ్ళున్నా ఒక్కటీ చూడలేదు."

"ఏందమ్మా, గిట్ల కొత్తగ? కూరగాయల మార్కెట్ తప్ప పట్నం తెల్వదు నీకు."

దారిలో చెప్పేద్దామనుకుంది. చెప్పలేదు. సైన్సు మ్యూజియంలో రాక్షసబల్లి ఎముకల ముందు సత్తెమ్మ తల పైకెత్తి చాలాసేపు నిలబడింది.

"దీన్ని వండాలంటె ఎంత గంజు కావాలెనో!"

వీరలక్ష్మి నవ్వింది. నవ్వాక చెప్పడం మరీ కష్టమైంది. "రేపు సాలార్‌జంగ్ కూడా చూద్దాం" అంది.

ఆదివారం సాలార్‌జంగ్‌లో, పింగాణీ గదిలో, అద్దాల వెనక వరసగా పళ్ళేలు. విషం పడితే రంగు మారే పళ్ళెమట అని పక్కనున్న ఒకాయన భార్యకు చెబుతున్నాడు.

"ఇసొంటిది మనకొకటి ఉండాలె" అంది సత్తెమ్మ. "నీ సాంబారు పోసి చూస్తుంటిమి."

"నా సాంబారుకేం? బెల్లం తప్ప ఏముంటుంది అందులో?"

"గదే. గా బెల్లమే."

తర్వాత, ఇంకేదో గుర్తొచ్చినట్టు అంది. "మన గల్లీ చివర హాస్టల్ రుక్కమ్మ మొన్న నన్ను పిలిచింది, ఎరికేనా? సోమారం నుంచి వంటకు రమ్మన్నది. రానన్న."

"ఎందుకు?"

"ఎందుకేంది? నిన్నిడిచిపెట్టి పోతనా? ఎవడేం చెప్తె అది నమ్మి పరేషాన్ అయితవు నువ్వు. జర ధైర్యముండాలె. రాష్ట్రమొచ్చినంక ఎవడన్న పొమ్మంటె నాకు చెప్పు. నేను మాట్లాడ్త."

వీరలక్ష్మి అద్దానికి చెయ్యి ఆనించింది. కాపలా ఆయన తాకొద్దన్నాడు. చెయ్యి తీసేసింది.

"నన్నెవరూ పొమ్మనలేదు సత్తెమ్మా. నేనే వెళ్ళిపోతున్నాను."

బుధవారం సంగతి చెప్పింది. కొత్తాయన సంగతి, ఆయన వంటవాళ్ళ సంగతి చెప్పింది. సత్తెమ్మ పళ్ళేల వైపే చూస్తూ వింది.

"నువ్వు ఒప్పుకొని ఎన్ని దినాలాయె?"

"మూడు వారాలు."

"మూడు వారాల సంది నా చేతి అన్నం తింటనే ఉన్నవు."

"భయమేసింది."

"ఎవర్ని జూసి? నన్నా?"

ఇంకా చూడని గదులు చాలా ఉన్నాయి. ఇద్దరూ బయటికి వచ్చేశారు. అమీర్‌పేటలో దిగాక సత్తెమ్మ మూసాపేట బస్సు కోసం దూరంగా వెళ్ళి నిలబడింది.

"రేపు వస్తావా?" అని అడిగింది వీరలక్ష్మి.

"రాకుంటె పిల్లలకు టిఫిన్ ఎవరు పెట్టాలె, నువ్వా?" అంది సత్తెమ్మ. ఆమె వైపు చూడలేదు. బస్సెక్కింది.

మర్నాడు తెల్లవారగానే వీరలక్ష్మి రుక్కమ్మ హాస్టల్‌కు వెళ్ళింది. రుక్కమ్మ గేటు ముందు నీళ్ళు చల్లుతోంది.

"రుక్కమ్మగారూ, సత్తెమ్మ రానన్నది నా వల్లేనండి. నేను వెళ్ళిపోతున్నానని ఆవిడకి చెప్పకుండా దాచాను. పనిలో పెట్టుకోండి."

"ముందే చెప్తె ఏం పోయేదమ్మా నీది?" రుక్కమ్మ బకెట్ కింద పెట్టింది. "నిన్ననే వేరేటామెకు మాటిచ్చిన."

వీరలక్ష్మి పక్క హాస్టల్ గేటు వైపు నడిచింది. అక్కడా ఖాళీ లేదన్నారు. దాని పక్కదానికి వెళ్ళింది. ప్రతి గేటు దగ్గరా మొదట తన తప్పు చెప్పింది. తర్వాతే సత్తెమ్మ పేరు చెప్పింది.