తిరుగుతూ చదివే మా మనవరాలి దరఖాస్తు

అక్షరదోషాలుంటే మన్నించండి, ఫోన్‌లో తెలుగు రాయడం నాకింకా సరిగా చేతకాదు.

మా మనవరాలు సుప్రియకు ఏడీహెచ్‌డీ ఉంది. ఒకచోట కూర్చుంటే ధ్యాస నిలవదు, గదిలో తిరుగుతూనే చదువుతుంది. అట్లాగే చదివి నీట్ గట్టెక్కింది. ఈ రోజు మెడికల్ సీటుకు దరఖాస్తు నింపుతూ ఆరోగ్య సమస్యలు రాయమన్న చోటికి వచ్చేసరికి, హనుమకొండలో బట్టల దుకాణం నడిపే మా బామ్మర్ది వచ్చాడు.

"ఆ సంగతి రాయకు బిడ్డా. జరసేపు కుదురుగ కూసోలేనోళ్లకు సీటిస్తరా?"

"కూసునే డాక్టర్లు మస్తుమందున్నరు తాతా. నేను మంచం మంచం కాడికి తిరిగే డాక్టర్‌నైత. దాచేది లేదు."

ఆయన నా వైపు చూశాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఈ రోజు పెగిలింది.

"రాయనియ్యి బామ్మర్దీ," అన్నాను. నాకూ గొంతుందని ఇంట్లోవాళ్లకు ఈ రోజే తెలిసినట్టుంది!

దరఖాస్తు రేపే పంపాలి. మీ పిల్లలెవరైనా ఇట్లా దాచకుండా రాసి సీటు తెచ్చుకున్నారా? తొందరగా జవాబివ్వండి. లేకపోయినా మేము రాస్తాం.