మూడో విండో

బెంగళూరులో పదిమంది ఇంజనీర్లకు అంతుపట్టని తప్పును నల్లంపల్లిలో వేరుశనగకాయలు ఒలుస్తూ నేను పట్టుకున్నాను.

పదిమంది అన్నది కొంచెం సాగదీశాను. మనవరాలు ఒక్కతే. ఉద్యోగంలో చేరి మూడు నెలలు, ఇంకా పర్మనెంటు కాలేదు. అమ్మవారు పోసి ఇంటికి వచ్చింది. మూడో తలస్నానం అయ్యేదాకా గడప దాటకూడదు గనుక ఆఫీసు లాప్‌టాప్‌తో వేపాకు పరిచిన మంచం మీదే పని. సాయంత్రం నాలుగింటికి తన ప్రోగ్రామును ఆఫీసువాళ్ళకు నడిపి చూపించాలి. అది నడిస్తేనే ఉద్యోగం.

ఆ ప్రోగ్రాము మనిషి చెయ్యి పడకుండా బస్సు టికెట్ల సైటు తెరిచి సీటు నొక్కుతుంది. టికెట్ వేరే విండోలో వస్తుంది. ప్రోగ్రాము అందులోకి పోయి నంబరు చదివి, దాన్ని మూసి, పాత విండోకు తిరిగి రావాలి. కొత్త మడికి నీళ్ళు పారాలంటే మడవ తిప్పాలి కదా, అట్లాగే ఏ విండోలోకి పోవాలో దానికి చెప్పాలి. చివర తెరిచినదానిలోకి పొమ్మని మనవరాలు రాసింది. పొద్దుటినుంచి ఒక్కసారీ తప్పలేదు. వరసగా నడవనిచ్చి తాను గంజి తాగడానికి లేచింది.

తిరిగి వచ్చేసరికి ఆగిపోయి ఉంది. టికెట్ నంబరు లేదని ఎర్ర అక్షరాలు. మళ్ళీ నడిపితే బాగానే నడిచింది. ఆమెను భయపెట్టింది అదే. కారణం తెలియని తప్పు నాలుగింటికి మళ్ళీ వస్తే?

"తాతా, ఎవురన్నా దీన్ని తాకినారా?"

"ఎవురు తాకుతారు పాపా, అమ్మవారుండే మంచం!"

తాకింది నేనే. మా పక్క తక్కాళి అనే టమోటా ధర చూద్దామని అదే బ్రౌజరులో ఇంకో విండో తెరిచాను. చివర తెరిచినది నాదే కాబట్టి ప్రోగ్రాము అందులోకి దూరి, టమోటాల మధ్య టికెట్ నంబరు వెతికింది. నేను గబగబా మూసేసి వసారాలో చేట ముందు కూర్చున్నాను.

ఆమె రాసినదంతా మొదటినుంచి చదువుకుంటూ, మధ్యమధ్య కళ్ళు తుడుచుకోవడం కనిపిస్తూనే ఉంది. గంటన్నర చూశాను. ఓర్చుకోలేక లేచి వెళ్ళి ఒప్పుకున్నాను. ఆమె వెంటనే, విండో పైన టికెట్ అన్న పేరు చూసుకున్నాకే లోపలికి పొమ్మని మార్చి రాసింది. నా టమోటాలను తెరిచిపెట్టి మరీ నడిపింది. వాటి జోలికి పోలేదు. నాలుగింటికి ఆఫీసువాళ్ళకు చూపించినప్పుడూ తప్పలేదు.

మనవరాలికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. అందుకని ఇక్కడిదాకా రాసినదంతా చదివి వినిపించాను.

"నువ్వు లేచి రాలేదు తాతా. హిస్టరీలో తక్కాళి రేటు చూసి నేనే వచ్చి అడిగినాను. అప్పుడు గూడా అవ్వ మీదికి తోసినావు. అవ్వకి మౌసు పట్టుకునేదే రాదు. ఉద్యోగం పోతాదని నేను ఏడుస్తా ఉంటే నువ్వు ఎదురుగా కాయలొలుస్తా ఉంటివి. అది రాయి."