కోట దగ్గర పైపు మీద దొరికిన ప్రాణి

సముద్రపు ప్రాణులు ఏ జాతివో తేల్చే పని ఓపిక ఉన్నవాళ్ళది. నాకది లేదు. కాలేజీలో జువాలజీ చెబుతున్నానన్న మాటే గానీ, మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే ఇప్పటికీ పళ్ళు నూరుతూనే ఉంటాను. అయినా మా సారు అడిగితే కాదనలేకపోయాను.

ఆయన ఇదే కాలేజీలో నాకు చదువు చెప్పిన గురువు. రిటైరై కోవూరులో ఉంటున్నారు. చూపు బాగా దెబ్బతింది. ఎదుటి మనిషి ముఖమే మసక, ఇక మైక్రోస్కోప్‌లో ఏం చూస్తారు? భార్య పోయి ఏడాది కూడా కాలేదు. ఆవిడ పోవడానికి కొన్నాళ్ళ ముందు ఇద్దరూ కోట అనే ఊరి దగ్గర రొయ్యపిల్లల హేచరీకి వెళ్ళారట. సముద్రపు నీళ్ళు తోడే పైపును పనివాళ్ళు గీకి పాచి పారబోస్తుంటే, ఆవిడ అందులోంచి ఊదారంగు ముక్క ఒకటి ఏరి తెచ్చారు.

అది పాచి కాదు, సీ స్క్వర్ట్. నొక్కితే నీళ్ళు చిమ్మే ప్రాణి. వీటిలో కొన్ని ఒంటరిగా బతుకుతాయి. ఇది అలా కాదు. ఆవగింజంత ప్రాణులు వందలకొద్దీ ఒకే తోలు కప్పుకుని కలిసి ఉంటాయి. ఆ రంగుది ఈ తీరంలో తానెప్పుడూ చూడలేదన్నారు సారు. కొత్త జాతి అయితే దానికి ఆవిడ పేరు పెట్టాలని ఆయన కోరిక.

"నువ్వు చూసి చెప్పమ్మా. నీ మాటే ఖాయం" అని సీసా నా చేతిలో పెట్టారు.

కాకిపిల్ల కాకికి ముద్దు. తెచ్చినవాళ్ళకు తమ ముక్క ఎప్పుడూ కొత్త జాతే. రంగును నమ్మొద్దు, లోపల చూడండి అని మాకు నేర్పింది ఆయనే. ఫార్మలిన్‌లో పడ్డాక ఆ ఊదారంగు ఎటూ వెలిసిపోయింది.

ఇలాంటి ప్రాణిని ఫార్మలిన్‌లో వేసే ముందు నీళ్ళలో పుదీనా పువ్వు, అంటే మెంథాల్ పలుకులు, వేసి నిద్రపుచ్చాలి. లేకపోతే ముడుచుకుపోయి లోపలిదేదీ లెక్కకు అందదు. ఆ పని ఎప్పుడూ ఆవిడే చేసేవారు. ఈసారి కూడా ఎంత నెమ్మదిగా చేశారో, ఒక్కటీ ముడుచుకోలేదు. కోసి చూస్తే అన్నీ స్పష్టంగా కనిపించాయి. మొప్పల చిల్లుల వరుసలు, కడుపు మీది మడతలు, అండాశయం ఉన్న చోటు, అన్నీ పాత జాతివే. ఓడల అడుగున అంటుకుని రేవు రేవుకీ తిరిగే రకం.

ఇంకో ముక్క కోశాను. అదే. ఆవిడ పనితనం కొంచెం తక్కువైనా అనుమానం మిగిలేది, ఆశా మిగిలేది. కొత్తదని రాసేస్తే ఎవరు చూడొచ్చారు అని కూడా అనిపించింది. కానీ అంత శ్రద్ధగల మనిషి పేరును అబద్ధానికి తగిలించడానికి మనసొప్పలేదు.

ఆదివారం చర్చి అయ్యాక కోవూరు వెళ్ళాను.

"కొత్తది కాదు సార్."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "వరుసలు ఎన్ని ఉండాయి?" చెప్పాను. "కడుపు మీద మడతలు?" అదీ చెప్పాను. "సరిగ్గా కనపడినాయా? ముడుచుకోనుంటాయేమో చూడమ్మా."

"లేదు సార్. అమ్మగారు బాగా నిద్రపుచ్చినారు."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అయితే పాత పేరే రాయి" అన్నారు చివరికి.

సీసాలో వేయాల్సిన చీటీ తీశాను. జాతి పేరు రాశాను. దొరికిన చోటు రాశాను. మిగిలింది ఏరినవాళ్ళ పేరు. అలవాటు కొద్దీ సారు పేరే రాయబోయి ఆగాను. "ఎవరు ఏరినారని రాయమంటారు సార్?"

ఆవిడ పేరు చెప్పారు. రాసి చదివి వినిపించాను. ఆయన తల వంచుకున్నారు.

"కాలేజీ బీరువాలో ఉండే సీసాల్లో సగం ఆమె ఏరినవే. అన్నిట్లో నా పేరే రాసుకున్నా. ఆమె ఒక్కనాడూ అడగలేదు. రేపు నన్ను ఆడికి తీసుకోని పో అమ్మా. నువ్వు చీటీలు చదువు. ఆమెవి ఏవో నేను చెప్తా."