ముందు బండిని అడగమన్న ఖాదర్ చాచా

పోయిన శుక్రవారం పొద్దున రేగోడ్ నుంచి రోగులను తీసుకొచ్చి, మెదక్‌లోని డయాలిసిస్ కేంద్రం ముందు వాన్ ఆపాను. టైర్ల దుకాణం వెంకటేశ్ పరుగున వచ్చి, "అక్కా, ఖాదర్ సాబ్ పోయిండు" అన్నాడు. ఎక్కడికని అడిగాను. అతను తల దించుకున్నాక గానీ ఆ మాటలోని దారుణం నాకు బోధపడలేదు. నలభై ఏళ్లు ఈ పట్టణపు వాహనాల విద్యుత్ దోషాలను పసిగట్టిన ఆ మహనీయుడు ఇక లేరన్న సత్యాన్ని నా హృదయం ఇంకా అంగీకరించడం లేదు.

చాచా మితభాషి. బస్టాండు వెనుక సందులో ఆయన రేకుల కొట్టు. బండి రాగానే పానా పట్టేవారు కాదు. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగేవారు. "బండి అబద్ధమాడది బేటీ. మనమే సక్కగ అడుగం" అనేవారు.

నేను వాన్ నడపడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో, రేగోడ్ దాటగానే బండి ఆగిపోయింది. లోపల ముగ్గురు రోగులు. అప్పటికే ఒక విడత డయాలిసిస్ తప్పిన యాదమ్మకు ఆయాసం ఎక్కువవుతోంది. చాచాకు ఫోన్ చేశాను.

"చాచా, చావి తిప్పితే టక్కుమని ఆగుతున్నది. కొత్త బ్యాటరీ ఏసి పది దినాలే అయింది."

"పరేషాన్ గాకు. లైట్లేసి చావి తిప్పు. లైట్లేమైతున్నయ్?"

"మొత్తం గుడ్డిగైతున్నయ్. బ్రేకు తొక్కితే ఇండికేటర్లు సుత మినుకుమంటున్నయ్."

"బ్యాటరీది తప్పు గాదు. కరెంటు పోయే తొవ్వ ఉన్నది, మర్లొచ్చే తొవ్వ లేదు. ఎర్తు వైరు పాడైంది. గేరు న్యూట్రల్ల పెట్టు. జంపర్ వైరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజన్ ఇనుముకు పట్టియ్యి. ప్లస్ జోలికి పోకు."

చెప్పినట్టే వైరు పట్టించి చావి తిప్పాను. ఇంజన్ గర్జించింది. యాదమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నం చాచా తుప్పుపట్టిన ఆ తీగను ఊడదీసి చూపించారు. కొత్తది మాత్రం ఆయన బిగించలేదు. "నీ చేత్తోనే బిగియ్యి. గప్పుడు యాదుంటది" అని పక్కన నిలబడ్డారు. ఆడదానికి ఈ పని ఎందుకని నవ్విన, కొట్టుకు వచ్చిన ఒక గిరాకీని, "నువ్వు జర గమ్మునుండు భాయ్" అని మందలించారు.

తన పొరపాటును దాచుకునే స్వభావం ఆయనది కాదు. కుల్చారం రైతు ట్రాక్టరుకు స్టార్టర్ మోటారు పోయిందని ఒకసారి చెప్పారట. రైతు మోటారు మార్పించినా ట్రాక్టరు కదలలేదు. అసలు తప్పు చావి దగ్గరి వైరుదని తేలాక, బస్సెక్కి ఆ ఊరు పోయి, నలుగురి ముందు "తప్పు నాది పటేలా" అని, బాగానే ఉన్న పాత మోటారును మళ్లీ స్వయంగా బిగించి వచ్చారు.

చాచా పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళితే ఆయన భార్య, చాచీ, నా చేతులు పట్టుకున్నారు. "దవాఖానల సుత ఒక్కటే మాట బిడ్డా. 'వాన్ బేటీ ఫోన్ జేస్తే లేపుండ్రి, పండుకున్నడని చెప్పకుండ్రి' అన్నడు."

ఆయన దవాఖానలో ఉన్నారని కూడా నాకు తెలియదు. ఆ వారమంతా బండి ఏ పేచీ లేకుండా నడిచింది. నేను ఫోన్ చేయలేదు. బండి బాగున్న రోజున కూడా పలకరించవలసిన ఆ పెద్దమనిషికి, ఆలస్యంగా, అశ్రునయనాలతో నా సలాం.